వచ్చినవాడే వద్దంటే

2016 జూన్ 23న బ్రిటన్‌లో ఒక పెద్ద ఓటు జరిగింది. ఐరోపా యూనియన్‌లో ఉందామా, విడిపోదామా అని ప్రభుత్వం ప్రజలనే అడిగింది. నూటికి 51.9 మంది విడిపోదామన్నారు, 48.1 మంది ఉందామన్నారు. నాలుగు దశాబ్దాల పైబడిన కాపురం ఆ తీర్పుతో తెగతెంపులకు వచ్చింది. దాన్ని గురించి పుస్తకాలకు పుస్తకాలే వచ్చాయి. ఆ రాజకీయాలన్నీ తిరగదోడడం నా ఉద్దేశం కాదు. అందులో ఒక మూలనున్న సంగతి మాత్రం, మనలాగా తరాల కిందట గడప దాటి వచ్చి వేరే భాషలవాళ్ళ మధ్య బతుకుతున్నవాళ్ళు కాస్త ఆగి ఆలోచించదగ్గది.

విడిపోదామన్న పక్షం చేతిలో పెద్ద ఆయుధం వలస. 'బయటివాళ్ళు ఎక్కువైపోయారు, మన ఇంటి తలుపు మన చేతిలో లేదు' అన్న మాట ఊరూరా మోగింది. ఆ పక్షానికి ఓటేసినవాళ్ళలో, ఒకప్పుడు తామే బయటివాళ్ళుగా వచ్చినవాళ్ళూ, వాళ్ళ బిడ్డలూ లక్షల సంఖ్యలో ఉన్నారు. పోలింగు రోజున ఓటు వేసిన 12 వేల పైచిలుకు మందిని అడిగి లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ చేయించిన సర్వేలో ఆసియా మూలాలవాళ్ళు నూటికి 67 మంది ఉందామని, 33 మంది విడిపోదామని చెప్పారు. నల్లజాతివారిలో విడిపోదామన్నవాళ్ళు నూటికి 27 మంది. ఎక్కువమంది యూనియన్ వైపే ఉన్నారన్నమాట నిజం. కాని ముగ్గురిలో ఒకరు అటు నిలబడ్డారంటే చిన్న సంగతేమీ కాదు. పశ్చిమ లండన్‌లోని ఈలింగ్, హౌన్స్‌లో ప్రాంతాల్లో వార్డుల వారీ లెక్కలు తీసి చూస్తే, ఆసియావాళ్ళు ఎక్కువగా ఉన్నచోటనే విడిపోదామన్న ఓట్లు ఎక్కువ పడ్డాయని 2017లో బీబీసీ బయటపెట్టింది.

ఇది వినగానే మన నోటికి వచ్చే మాట ఒకటే: ఏరు దాటి తెప్ప తగలేశారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని సామెత చెప్పినంత మాత్రాన తీర్పు చెప్పినట్టు కాదు. వాళ్ళు దాటిన ఏరేది, ఎక్కిన తెప్పేది అని విచారిస్తే కథ అంత సులువుగా లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత బ్రిటన్‌కు పనివాళ్ళు కావలసి వచ్చింది. 1948 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం పాత సామ్రాజ్యపు ప్రజలు ఎవరైనా అక్కడికి వెళ్ళి పనిచేసుకోవచ్చు. అలా పంజాబు రైతుబిడ్డలు సౌతాల్ రబ్బరు ఫ్యాక్టరీకి, మీర్‌పూర్ ప్రాంతంవాళ్ళు బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లులకు చేరారు. మన తెలుగు డాక్టర్లు కూడా అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్ళారు. అవసరం తీరుతున్న కొద్దీ తలుపు మూసుకోసాగింది. 1962లో పని పర్మిట్లు పెట్టారు. 1968లో కెన్యానుంచి వస్తున్న మన గుజరాతీలను ఆపడానికి, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళను కూడా ఆపే చట్టాన్ని మూడు రోజుల్లో చేశారు. 1972లో ఇడీ అమీన్ ఉగాండానుంచి ఆసియావాళ్ళను 90 రోజుల గడువిచ్చి వెళ్ళగొట్టినప్పుడు, మా ఊరికి మాత్రం రాకండి అని లెస్టర్ నగరపాలక సంస్థ ఉగాండా పత్రికలోనే ప్రకటన వేయించింది.

ఇక ఒక్క తేదీ చూడండి: 1973 జనవరి 1. ఆనాడే బ్రిటన్ అప్పటి ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. ఆనాడే 1971 నాటి వలస చట్టం అమలులోకి వచ్చి, మన దేశాలవాళ్ళకు మిగిలిన దారిని ఇంకా ఇరుకు చేసింది. ఒకే రోజున ఒక తలుపు తెరుచుకుంది, ఒక తలుపు మూసుకుంది. దీన్ని ఎవరూ ముహూర్తం చూసి పెట్టకపోయి ఉండవచ్చు. కాని మూసిన తలుపు దగ్గర నిలబడ్డవాడికి అది కాకతాళీయంగా కనబడదు. 'మా తాతలు వాళ్ళ యుద్ధాల్లో చచ్చారు, రెండో యుద్ధానికి మన దేశంనుంచి 25 లక్షల మంది సైనికులు కదిలారు. ఆ యుద్ధంలో శత్రువులుగా ఉన్న దేశాలవాళ్ళు దర్జాగా వచ్చి పోతున్నారు, మేము మాత్రం కాగితాలు పట్టుకుని వరసలో నిలబడాలి' అనే కోపం ఆ ఇళ్ళల్లో పెద్దల నోట పుట్టి పిల్లలకు సంక్రమించింది.

ఆ వరసలో పడ్డ అవమానాలు కూడా తక్కువేమీ కావు. పెళ్ళాడడానికి వచ్చిన ఒక భారతీయ టీచరమ్మకు లండన్ విమానాశ్రయంలో కన్యాత్వ పరీక్ష చేసిన సంగతి 1979లో పత్రికలకెక్కింది. పెళ్ళి చేసుకున్నది దేశంలో జొరబడడానికి కాదని రుజువు చేసుకోవలసిన నిబంధన 1997 దాకా నడిచింది. 2012 జూలైనుంచి భార్యనో భర్తనో మన దేశంనుంచి తెచ్చుకోవాలంటే బ్రిటిష్ పౌరుడికి ఏడాదికి 18,600 పౌన్ల ఆదాయం ఉండాలన్నారు. ముసలి తల్లిదండ్రులను తెచ్చుకోవడం దాదాపు అసాధ్యమైంది. అదే వీధిలో కాపురముంటూ పనిచేసుకుంటున్న పోలండు మనిషికి అప్పట్లో ఈ ఆదాయపు లెక్క వర్తించేది కాదు. ఐరోపా చట్టం కింద అతని భార్య రాగలిగేది, అతని మీద ఆధారపడ్డ తల్లి కూడా రాగలిగేది. మన బర్మింగ్‌హామ్ టాక్సీ డ్రైవరు అక్కడే పుట్టినవాడైనా, జలంధర్‌లోని భార్యను తెచ్చుకోలేక ఫోనులోనే కాపురం చెయ్యాలి.

ఇందులో ఒక వింత మెలిక కూడా ఉంది. 1992లో సురీందర్ సింగ్ అనే భారతీయుడి కేసులో ఐరోపా న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. ఆయన భార్య బ్రిటిష్ పౌరురాలు. ఇద్దరూ కొంతకాలం జర్మనీలో పనిచేసి తిరిగి వచ్చారు. యూనియన్‌లోని మరో దేశంలో పనిచేసి వచ్చిన పౌరురాలికి ఆ యూనియన్ హక్కులు సొంత దేశంలోనూ వర్తిస్తాయి గనుక ఆమె భర్తను ఆపడానికి వీల్లేదని తీర్పు. అప్పటినుంచి దానికి సురీందర్ సింగ్ దారి అనే పేరే పడింది. సొంత దేశం చట్టంతో తెచ్చుకోలేని భార్యను ఐర్లండుకో జర్మనీకో వెళ్ళి కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఆ చుట్టుదారిన ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. అంటే మన వాళ్ళకు ముఖద్వారం మూసింది ఐరోపా కాదు, బ్రిటనే. ఐరోపా వల్ల తెరుచుకున్నది ఒక పెరటి గుమ్మం. విడిపోవడంతో ఆ గుమ్మం కూడా మూతపడింది. ఈ సంగతిని ఓటు నాడు ఎంతమంది తలచుకున్నారో మరి.

2004 మే 1న పోలండు, హంగరీ, లిథువేనియా వగైరా పది దేశాలు యూనియన్‌లో చేరాయి. ఏడాదికి 5 వేలనుంచి 13 వేల మంది దాకా రావచ్చని ప్రభుత్వం కోసం వేసిన అంచనా చెప్పింది. 2015 నాటికి ఒక్క పోలండులో పుట్టినవాళ్ళే 8 లక్షలు దాటి, భారతదేశంలో పుట్టినవాళ్ళ సంఖ్యను మించిపోయారు. కట్టుబడి పనిలో, గోదాముల్లో, అద్దె ఇళ్ళ దగ్గర, బడిలో సీట్ల దగ్గర వాళ్ళతో మొదట తగిలింది ఎవరికి? బ్యాంకు మేనేజరుకు కాదు. పాతగా వచ్చి ఇంకా నిలదొక్కుకుంటున్న వలసవాడికే. కొత్త వలస వల్ల జీతాలు నిజంగా ఎంత తగ్గాయి అన్నదానిమీద ఆర్థికశాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. కాని పేవ్‌మెంటు మీద పని కోసం నిలబడ్డవాడు శాస్త్రం చదివి రాడు, పక్కన ఎంతమంది నిలబడ్డారో లెక్కపెడతాడు.

ఈ నొప్పిమీదనే విడిపోదామన్న పక్షం చెయ్యి వేసింది. బ్రిటన్‌లో 'ఇండియన్ హోటళ్ళు' అని మనం వినేవాటిలో అధిక భాగం సిల్హెట్‌నుంచి వెళ్ళిన బంగ్లాదేశ్‌వాళ్ళవి. వాళ్ళకు వంటవాళ్ళు దొరక్క కొట్లు మూతపడుతున్నాయి. స్వదేశంనుంచి వంటమనిషిని రప్పించుకోవాలంటే 2016లో ఏడాదికి దాదాపు 30 వేల పౌన్ల జీతం చూపించవలసి వచ్చేది. చిన్న హోటలువాడు ఎక్కడనుంచి తెస్తాడు? అప్పుడు మంత్రిగా ఉన్న ప్రీతి పటేల్ 2016 మేలో ఈ హోటళ్ళను కాపాడుకుందామని ఒక ప్రచారమే నడిపారు. ఐరోపానుంచి వచ్చేవాళ్ళను ఆపే వీలు లేకనే మిగతా ప్రపంచంమీద ఇంత కఠినంగా ఉండవలసి వస్తోంది, విడిపోతే అందరికీ ఒకే కొలత పెట్టవచ్చు అన్నది ఆ ప్రచారపు సారం. ఆమె తల్లిదండ్రులు ఉగాండానుంచి వచ్చిన గుజరాతీలు. ఆమె నోట ఆ మాట వింటే నమ్మబుద్ధి కాదూ?

ఇంకొక కారణం డబ్బుకు సంబంధించింది కాదు. అక్కడి మనవాళ్ళు తమను 'బ్రిటిష్ ఏషియన్' అని చెప్పుకుంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. వీధుల్లో దెబ్బలు తిని, సమ్మెలు చేసి, వివక్షను నిషేధించే చట్టాలను 1965, 1968, 1976లలో ఒకదాని తరవాత ఒకటిగా సాధించి నిలబెట్టుకున్న పేరది. 'యూరోపియన్ ఏషియన్' అనే మాట ఎక్కడైనా విన్నామా? యూనియన్ వాళ్ళకు ఒక కాగితం, బ్రిటన్ ఒక బతుకు. ఐరోపా అంటే తెల్లవాళ్ళ చుట్టరికం అని అనుమానించినవాళ్ళను పూర్తిగా తప్పుపట్టలేము.

ఇంతదాకా చెప్పింది వాళ్ళ తరఫు వకాల్తా. ఇక ధర్మం సంగతి చూద్దాం.

వలస వచ్చినవాడు వలసకు అనుకూలంగానే ఓటు వెయ్యాలని మనం ఎందుకు ఆశిస్తాం? ఆలోచిస్తే ఈ ఆశలోనే ఒక చిన్నచూపు ఉంది. పక్కింటి తెల్లాయన ధరలు చూసుకుని, జీతం చూసుకుని, పార్లమెంటు అధికారం గురించి తనకున్న అభిప్రాయం చూసుకుని ఓటు వెయ్యవచ్చు. అతనిని ఎవరూ నిలదీయరు. రంగు నల్లబడగానే 'నువ్వు వలసవాడివి కదా, నీకిది తగునా' అంటాం. అంటే యాభై ఏళ్ళు ఉన్నా, అక్కడే పుట్టినా, అతను పౌరుడు కాదు, అతిథే అన్నమాట. అతిథికి రాజకీయాలుండవు, కృతజ్ఞత మాత్రమే ఉండాలి. ఈ వాదం నాకు సమ్మతం కాదు. వాళ్ళకు ఎటైనా ఓటేసే హక్కుంది. ఆ హక్కుకు వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలతో పని లేదు.

అయితే ఓటు హక్కు వేరు, ఓటుకు మనం చెప్పుకునే కారణం వేరు. ధర్మాధర్మాల విచారణ రెండోదాని మీద.

వాళ్ళ ఫిర్యాదులో రెండు కోరికలు కలిసిపోయి ఉన్నాయి. 'అతని భార్యను రానిచ్చినట్టే నా భార్యనూ రానివ్వండి' అన్నది ఒకటి. 'నా భార్యను రానివ్వలేదు గనుక అతని భార్యనూ ఆపండి' అన్నది రెండోది. రెండింటికీ సమానత్వం అనే పేరే పెట్టవచ్చు. రెండూ ఒకే గాయంనుంచి పుట్టినవే. కాని మొదటిది న్యాయం అడగడం, రెండోది అన్యాయాన్ని పంచిపెట్టడం. నా పొలానికి నీళ్ళు రాకపోతే కాలువ తవ్వమని అడగాలి. పక్కవాడి మడికి గండి కొడితే నా పైరు పచ్చబడదు. ఓటు కాగితం మీద మొదటి కోరిక లేనే లేదు. ఉన్నది రెండోదే. రెండోదానికి గుర్తు వేస్తే మొదటిది దానంతటదే వస్తుందని నోటిమాటగా చెప్పారు. ఆ మాటకు పూచీ ఎవరు? ఇవ్వవలసినవాళ్ళు ఎవరైతే 1962నుంచి తలుపు మూస్తూ వచ్చారో వాళ్ళే.

మరొక సంగతి కూడా మరచిపోకూడదు. ఆ ఎన్నికలో బ్రిటన్‌లో నివసిస్తున్న కామన్‌వెల్త్ పౌరులకు ఓటుంది. నిన్నగాక మొన్న వెళ్ళి, చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాడు కూడా ఓటు వెయ్యవచ్చు. పదేళ్ళుగా అక్కడే పనిచేసి పన్ను కడుతున్న పోలండు మనిషికి ఓటు లేదు. ఎవరి బతుకు మీద తీర్పు జరుగుతోందో వాళ్ళు పంచాయతీలో నోరు విప్పడానికి లేదు. ఎదుటివాడి నోరు కట్టేసి ఉన్నప్పుడు వాడి తరఫు మాట కూడా ఒకసారి మనసులో వినుకోవడం తీర్పు చెప్పేవాళ్ళందరి బాధ్యత. ఒకప్పుడు తమ గురించి తాము లేని సభలో తీర్మానాలు జరిగిన అనుభవం ఉన్నవాళ్ళకు ఆ బాధ్యత ఇంకాస్త బాగా తెలియాలి.

అందుకని నాకు తోచిన కొలబద్ద ఇది. వలస వచ్చినవాడు వలసను ఎప్పటికీ సమర్థించాలని లేదు. కాని ఏ వాదం ఆనాడు చెల్లివుంటే తన తండ్రి గుమ్మం బయటే ఆగిపోయేవాడో, ఆ వాదాన్ని మరొకరి మీద వాడకూడదు. 'ఇళ్ళు చాలడం లేదు, ఎంతమందిని తీసుకోవాలో లెక్క వేసుకుందాం' అంటే అది మాట్లాడుకోదగ్గ మాట, అందరికీ ఒకేలా వర్తించే మాట. 'వీళ్ళ భాష వేరు, వీళ్ళ దుకాణాలు వేరు, మన వీధి మన వీధిలా లేదు' అంటే అది తన తండ్రిని అన్న మాటే. దాన్ని ఎత్తుకోవడమంటే తన తండ్రిని అన్నవాళ్ళదే న్యాయమని ఒప్పుకోవడం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. 'మేము అడ్డదారిన రాలేదు, పిలిస్తే వచ్చాం, కష్టపడ్డాం, వాళ్ళ భాష నేర్చాం' అంటారు. నిజమే. కాని పోలండు మనిషి కూడా చట్ట ప్రకారమే వచ్చాడు. అతనూ కష్టపడే బతికాడు. పైగా 'మేము పడ్డ బాధ వాళ్ళూ పడాలి' అన్నది అత్తగారి న్యాయం. తన అత్త తనను పెట్టిన బాధలన్నీ కోడలిమీద తీర్చుకున్న అత్తగారిని మనం కథల్లో ఎన్నిసార్లు చూడలేదు! ఆమె బాధ అబద్ధం కాదు. దాని తీరుమానం మాత్రం తప్పు మనిషి మీద పడింది.

తరవాత ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఓటు అయిన మరుసటి నెల, 2016 జూలైలో, జాతి మత ద్వేషంతో జరిగిన నేరాలు అంతకు ముందు ఏడాది జూలైకన్నా 41 శాతం పెరిగినట్టు ఇంగ్లండు, వేల్స్ పోలీసు లెక్కల్లో తేలింది. ద్వేషంతో తిట్టేవాడు నీ తాత ఎప్పుడొచ్చాడు, నువ్వు ఎటు ఓటేశావు అని అడిగి తిట్టడు. ఆ నవంబరులో ప్రధాని థెరెసా మే ఢిల్లీ వచ్చినప్పుడు మన విద్యార్థులకు వీసాలు పెంచమంటే ఒప్పుకోలేదు. తాము మోసపోయామని హోటళ్ళవాళ్ళ నాయకులు పత్రికలకు చెప్పుకున్నారు. 2018లో విండ్‌రష్ వ్యవహారం బయటపడింది. 1973కు ముందే హక్కుగా వచ్చి స్థిరపడ్డ కామన్‌వెల్త్ ప్రజలను, ఎక్కువమంది కరీబియన్ దీవులవాళ్ళను, కాగితాలు లేవని ఉద్యోగాలనుంచి తీసేశారు, ఆసుపత్రుల్లో వైద్యం నిరాకరించారు, కనీసం 83 మందిని తప్పుగా దేశం దాటించారు. హోంమంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చెయ్యవలసి వచ్చింది. 'మేము పాతవాళ్ళం' అన్న ధీమా ఎంత పలచనిదో ఆ ముసలివాళ్ళ కథలు చెప్పాయి.

2020లో కొత్త వలస విధానం ప్రకటించినప్పుడు అప్పటి హోంమంత్రి మరెవరో కాదు, ప్రీతి పటేల్. ఈ నిబంధనలే ఆనాడు ఉంటే మీ తల్లిదండ్రులు రాగలిగేవారా అని ఒక రేడియోలో అడిగితే, రాలేకపోవచ్చని ఆమె ఒప్పుకున్నారు. శరణార్థుల సంగతి వేరని కూడా అన్నారు. ఆ ఒప్పుకోలును వెక్కిరించడానికి ఇక్కడ చెప్పడం లేదు. నేను పైన చెప్పిన కొలబద్ద ఊహలో పుట్టింది కాదని, నిజంగా ఒక మనిషి ముందు నిలిచిన ప్రశ్నేనని చెప్పడానికి.

అయితే కథ అక్కడితో ఆగలేదు, ఆపితే న్యాయమూ కాదు. 2021నుంచి కొత్త విధానం నడిచాక మన దేశానికి తలుపు నిజంగానే బార్లా తెరుచుకుంది. చదువు అయ్యాక రెండేళ్ళు ఉద్యోగం చేసుకునే వీలు మళ్ళీ వచ్చింది. ముసలివాళ్ళకు సేవచేసే పనులకు 2022నుంచి వీసాలిచ్చారు. హైదరాబాదు, గుంటూరు, విజయవాడలనుంచి మన పిల్లలు వేల సంఖ్యలో వెళ్ళారు. 2023 నడిమికి చూస్తే, ఏడాదిలో వెళ్ళిపోయినవాళ్ళను తీసేసి లెక్కవేసినా, బ్రిటన్ జనాభాకు వలస వల్ల కలిసినవాళ్ళు 9 లక్షలు దాటారు. వచ్చినవాళ్ళలో భారతీయులే అందరికన్నా ఎక్కువ. అంటే విడిపోదామన్నవాళ్ళు కోరుకున్నది కొంత జరిగిందనే చెప్పాలి. వాళ్ళు వట్టి అమాయకులనడానికి లేదు.

కాని ఆ లెక్క బయటికి రాగానే పాత పాట మళ్ళీ మొదలైంది. ఈసారి పల్లవిలో పోలండు పేరు లేదు, మన పేరుంది. 2024 జనవరినుంచి చాలామంది విద్యార్థులు భార్యాబిడ్డలను తెచ్చుకోవడానికి వీల్లేదన్నారు. మార్చిలో సేవకులకూ అదే వర్తించింది. ఏప్రిల్‌లో భార్యనో భర్తనో తెచ్చుకోవడానికి కావలసిన ఆదాయాన్ని 18,600నుంచి 29,000 పౌన్లకు పెంచారు. 2025 జూలైలో ఆ సేవా ఉద్యోగాలకు విదేశాలనుంచి కొత్తగా మనుషులను తీసుకోవడం ఆపేశారు. ఆనాడు భార్యను తెచ్చుకోలేకపోతున్నానని కడుపు మండి విడిపోదామన్న మనిషి ఇప్పుడు చూసుకుంటే, పెరటి గుమ్మం లేదు, ముఖద్వారం గడప ఇంకా ఎత్తు పెరిగింది. 'బయటివాళ్ళు ఎక్కువైపోయారు' అన్న మాటకు ఒకసారి బలం పోస్తే అది పక్కింటివాడి దగ్గరే ఆగదు.

ఇదంతా మన పత్రికలో ఎందుకు రాస్తున్నానో చెప్పి ముగిస్తాను.

బెంగళూరులో మావి మూడు తరాల కాపురాలు. కంప్యూటరు ఉద్యోగాల కోసం కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఇప్పుడు ఇక్కడ లెక్కకు మిక్కిలి. ఆమధ్య ఒక ఉగాది సభలో మా పెద్దాయన ఒకరు నా పక్కన కూచుని మెల్లగా అన్నారు: "వీళ్ళొచ్చాక మనకు చెడ్డపేరు వస్తోందండీ. కన్నడం ఒక్క ముక్క నేర్చుకోరు. అద్దెలు పెంచేశారు. మనం ఇలా ఉన్నామా?" నేను తలూపాను. ఆయన మీద గౌరవం వల్ల మాత్రమే కాదు, నాకూ అలాగే అనిపించింది గనుక ఊపాను. ఇంటికి వచ్చాక మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన రైలు దిగిన రోజున ఆయనకు వచ్చిన కన్నడం ఎంత? వచ్చిన పదేళ్ళకైనా మా నాయనమ్మకు వచ్చింది కూరగాయల బేరమాడేంత. వీధివాళ్ళు ఓర్చుకున్నారు గనుక మేము నేర్చుకునేంతకాలం మిగిలాం.

కన్నడం నేర్చుకోమని కొత్తవాళ్ళకు చెప్పడం తప్పు కాదు. చెప్పాలి, నేర్పాలి కూడా. నేను తలూపింది ఆ మాటకు కాదు. 'మనం ఇలా ఉన్నామా' అన్నదానికి. ఆ ఒక్క మాటతో పెద్దాయనా నేనూ మా తాతలను వదిలేసి, వాళ్ళను ఒకప్పుడు వేలెత్తి చూపినవాళ్ళ పక్కన కుర్చీ వేసుకున్నాం. స్లౌలోనో సౌతాల్‌లోనో ఓటు వేసిన మనిషి నాకన్నా చెడ్డవాడు కాదు. అతని చేతికి ఓటు కాగితం వచ్చింది, నా చేతికి రాలేదు. అంతే తేడా.

సోలాపూరు, బరంపురం, హోసూరు, బళ్ళారి పాఠకులకూ ఇలాంటి అనుభవాలు ఉండే ఉంటాయి. కొత్తగా వచ్చిన మనవాళ్ళను గురించి మన ఇళ్ళల్లో ఏమనుకుంటున్నామో, మనం కొత్తగా ఉన్నప్పుడు మనల్ని ఏమన్నారో, రెండూ పక్కపక్కన పెట్టి ఎవరైనా నిజాయితీగా రాస్తే చదవాలని ఉంది.